కూజాకీ దోసిలికీ మధ్య

అక్టోబరు 12, శనివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఆనందబాబు పదిహేడో నంబరు చిత్రం పక్కన తాను రాసి పెట్టిన కార్డును గోడ మీంచి తీసి చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ కార్డు గోడ మీద ఉన్నది రెండు రోజులు.

అప్పుడు హాల్లో ఆరుగురున్నారు. ఆనందబాబు, ఆయన భార్య లూసీ, వాళ్ళ కారులోనే వచ్చిన స్నేహితుడు డాక్టర్ యోగానంద్, ఆయన భార్య హైమ, గ్యాలరీ నడిపే డొయినా, ట్రయన్ అనే ఎనభై ఒక్క ఏళ్ళ రుమేనియన్ పెద్దాయన. కార్డు తీయమన్నది ఎవరూ కాదు. ట్రయన్ ఒక ప్రశ్న అడిగాడు, అంతే.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద, ఒక డెంటిస్టు ఆఫీసుకీ టైర్ల షాపుకీ మధ్య ఉంటుంది ఆ గ్యాలరీ. సెప్టెంబరు నుంచి అక్కడ రుమేనియా చిత్రాల ప్రదర్శన జరుగుతోంది. మొత్తం ముప్పై ఒక్క చిత్రాలు. అన్నింటిలోనూ ఊళ్ళూ, పొలాలూ, పనివాళ్ళూ. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న రుమేనియన్ కుటుంబాలు ఇళ్ళల్లో ఉన్నవి తెచ్చి అరువిచ్చాయి. వాళ్ళ తాతలు నూరేళ్ళ కిందట కార్ల ఫ్యాక్టరీల్లో పనికి వచ్చినవాళ్ళు.

ఆనందబాబుకు డెబ్భై నాలుగేళ్ళు. కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరుగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళుగా మంగళవారం, శనివారం గ్యాలరీకి వచ్చి చూడవచ్చినవాళ్ళకు చిత్రాలు చూపిస్తున్నారు. జీతం లేదు. మధ్యాహ్నం కాఫీ ఉంది. ఒక్కో చిత్రం గురించి ఊళ్ళో మనిషి ఎవరైనా యాభై మాటల్లోపు కార్డు రాసి సంతకం చేస్తే, డొయినా దాన్ని ఆ చిత్రం పక్కన పెడుతుంది. ఈ ఏర్పాటు ఆమెదే. ఆనందబాబు మూడు వారాలు ఆలోచించి పదిహేడో చిత్రానికి రాశారు.

ఆ చిత్రం పేరు 'గడ్డి కోత, మధ్యాహ్నం'. 1890ల నాటిదంటారు. కింద సంతకం చెరిగిపోయింది. కోసిన గడ్డి మీద ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాడు. కుట్టుపని చేసిన తెల్ల రవికెతో ఒక స్త్రీ పైనుంచి కూజాతో నీళ్ళు పోస్తోంది. వెనక ఎడ్లబండి, ఇద్దరు కోతగాళ్ళు. పాత క్యాటలాగులో దాని గురించి ఒకే వాక్యం ఉంది: 'దాహం తీర్చే చేయి, శ్రమించే చేయి; ఈ రెండూ కలిస్తే మన జాతి.' డొయినా ఆ వాక్యాన్నే చిత్రం కింద అతికించింది.

ఆనందబాబు కార్డు ఇంగ్లిషులో ఉంది. దాని అర్థం ఇది: 'ఈమె పొలం గల ఇంటి మనిషి. అతను ఆ ఇంటి పాలేరు. కూజాను అతను ముట్టుకోకూడదు, అందుకే దోసిలి పట్టాడు. చిత్రకారుడు దీన్ని దయగా చూపించాడు. ఇది దయ కాదు.'

శనివారం ట్రయన్ కళ్ళజోడు మార్చుకుని ఆ కార్డు రెండుసార్లు చదివాడు.

"ఎవరు రాశారిది?"

"నేనే," అన్నారు ఆనందబాబు.

"మీరెప్పుడైనా రుమేనియాలో ఉన్నారా, మిస్టర్?"

"లేదు."

"మా అవ్వ కూడా మా తాతకు ఇలాగే పోసేది. ఆమె ఆయన్ను ముట్టుకోనిచ్చేది కాదని మీకెవరు చెప్పారు? ముట్టుకోకుండానే తొమ్మిదిమంది పిల్లలు పుట్టారా?"

హైమ నవ్వు ఆపుకోలేకపోయింది. ట్రయన్ నవ్వలేదు.

"గడ్డి కోసేవాడి చేతులు చూశారా మీరు? బంక, దుమ్ము. పొలానికంతా కూజా ఒకటి, తాగేవాళ్ళు పద్నాలుగు మంది. మూతి పెట్టి తాగినవాడి చెవి మెలేసేది మా అవ్వ. నీళ్ళు పైనుంచి పోసేది అందుకు. నా మాట సరే, నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను. మీకెలా తెలుసు?"

ఆనందబాబు లూసీ వైపు చూశారు. లూసీ హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచి మూస్తోంది.

"ఎక్కడో చదివాను," అన్నారాయన.

ఆ మాట తరువాతే కార్డు తీసి జేబులో వేసుకున్నారు.

యోగానంద్ ఆయన భుజం తట్టాడు. "పోనిద్దురూ ఆనందబాబు గారూ, పెద్దాయన హర్టయ్యాడు. వచ్చే శనివారం మనవాళ్ళకి తెలుగులో టూర్ ఇస్తున్నారుగా, అందులో మన పొలాల సంగతి చెప్పండి. మీకు పదెకరాలుండేవి కదా? లాస్ట్ ఇయర్ జెరెమీ స్టేజి మీద ఎంత బాగా చెప్పాడు!"

"అవునన్నయ్యగారూ," అంది హైమ. "నాకైతే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

తెలుగు టూరుకు అప్పటికే పద్నాలుగు మంది పేర్లిచ్చారు. సగం చర్చివాళ్ళు, సగం తెలుగు అసోసియేషన్‌వాళ్ళు. జెరెమీ పేరు కూడా ఉంది. జెరెమీ ఆనందబాబు కొడుకు.

పన్నెండు గంటలకు డొయినా ఆయన్ను తన గదిలోకి పిలిచింది. ఆమెకు యాభై రెండేళ్ళు. రుమేనియాలోని క్లుజ్ నగరం నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

"కార్డు తీయాల్సిన పని లేదు," అంది. "మీరు చెప్పింది తప్పని నేననడం లేదు. అతను పాలేరే కావచ్చు. రోమా మనిషి, అంటే జిప్సీ, కావచ్చు. మా దగ్గర రోమా వాళ్ళను 1856 దాకా కొనేవారు, అమ్మేవారు. లేదా ట్రయన్ అన్నట్టు ఆమె మొగుడే కావచ్చు."

"మరి కింద మీరు పెట్టిన వాక్యం? రెండు చేతులూ కలిస్తే జాతి అని?"

"అది నాది కాదు, క్యాటలాగుది. వినండి. మేం స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1877లో. ఆ తరువాత మా చిత్రకారులు ఊళ్ళ మీద పడ్డారు. ఎడ్లబండ్లు, గొర్రెల కాపరులు, నూలు వడికే ఆడపిల్లలు. పట్నంలో మేడలున్నవాళ్ళు అవి కొని గోడకు పెట్టుకుని, ఇదీ మనం, అన్నారు. నా బడి పుస్తకం అట్ట మీద కూడా ఎడ్లబండే. 1907లో ఆ ఊళ్ళవాళ్ళే భూమి కోసం తిరగబడితే సైన్యం కాల్చింది. వేలమంది పోయారు. ఎన్ని వేలో ఇప్పటికీ తేలలేదు. ఈ ముప్పై ఒక్క చిత్రాల్లో పొలం ఎవరిదో చెప్పే చిత్రం ఒక్కటి చూపించండి."

ఆనందబాబు జేబులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ కార్డులో ఐదు వాక్యాలున్నాయి. ఐదూ నా దేశం గురించే. రాసినాయన ఇందులో ఎక్కడున్నాడు?" అంది డొయినా. "గురువారం దాకా ఆ చోటు ఖాళీగా ఉంచుతాను."

ఆనందబాబు పుట్టింది తెనాలికి పదకొండు మైళ్ళ దూరంలో ఒక ఊరికి ఎడంగా ఉన్న పేటలో. తండ్రి యాకోబు ఆ ఊరి కామందు ఇంట్లో ఇరవై రెండేళ్ళు పాలేరుగా ఉన్నాడు. ఏడాదికి ఇన్ని బస్తాలని ధాన్యం కొలిచేవారు. బడి లేని రోజుల్లో ఆనందబాబు తండ్రి వెంట పొలానికి వెళ్ళేవారు. మధ్యాహ్నం కామందు ఇంటి నుంచి చెంబుతో నీళ్ళు వచ్చేవి. యాకోబు గట్టు మీద కూర్చుని దోసిలి పట్టేవాడు. చెంబు జానెడు ఎత్తున ఉండేది. చేతుల్లో పడిన చుక్క ఎగిరి మళ్ళీ చెంబును తాకకుండా ఉండాలంటే అంత ఎత్తు కావాలి. తరువాత మిషన్ హాస్టలు, గుంటూరులో కాలేజీ, ఇంజనీరింగు సీటు. 1979లో మిషిగన్.

1993లో జెరెమీకి తొమ్మిదేళ్ళు. మూడో తరగతిలో తాత ఊరి బొమ్మ గీసుకు రమ్మన్నారు. పొలం ఎంత, డాడీ, అని అడిగాడు. ఆనందబాబు పదెకరాలన్నారు. వాడు అట్ట మీద పది గళ్ళు గీసి ఆకుపచ్చ రంగు నింపాడు. ఇప్పుడు జెరెమీకి నలభై. పక్క ఊరు నోవైలో ఇల్లు. హాల్లో సోఫా పైన నాగలి పట్టిన రైతు బొమ్మ ఒకటుంది, విజయవాడ నుంచి తెప్పించుకున్నాడు. పోయిన ఏడాది అసోసియేషన్ సభలో మూడు వందల మంది ముందు మైకు పట్టుకుని, 'నేను రైతుబిడ్డ కొడుకుని, మా తాతకు పదెకరాలు' అని మొదలుపెట్టాడు.

శనివారం సాయంత్రం లూసీ కూర గిన్నె బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు మీకేం ముంచుకొచ్చిందండీ? ఎవరో బొమ్మ వేశారు. ఎవరో నీళ్ళు పోసింది. మధ్యలో మీరెందుకు దూరారు?"

"చూస్తే తట్టింది, రాశాను."

"మరి ఆ పెద్దాయన మీకెలా తెలుసంటే, ఎక్కడో చదివానన్నారు!"

"అదే నాకు నచ్చలేదు."

లూసీ తండ్రి మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. ఆమె వాళ్ళూ అలాంటి పేట నుంచే రెండు తరాల ముందు బయటపడ్డారు. పెళ్ళప్పుడు యాకోబు సంగతంతా తెలుసు. ఇక్కడికి వచ్చాక ఆ మాట ఎత్తకూడదని ఇద్దరూ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎత్తలేదు, అంతే.

"సిగ్గని కాదండీ," అంది లూసీ. "రేపు మీరు చెప్పారే అనుకోండి. హైమ మనింటికొస్తుంది, కాఫీ తాగుతుంది. తాగుతుందనే నమ్ముతాను, మంచి మనిషి. కానీ కప్పు ఇచ్చేటప్పుడు నేను ఆమె చెయ్యి వైపు చూస్తాను కదా? నలభై ఏళ్ళుగా చూడకుండా ఉన్నాను. మళ్ళీ చూడాలా?"

ఆనందబాబు అన్నం కలుపుతూ ఆగారు.

"సరే, రాయకుండా ఉంటాను."

"రాయొద్దనడం లేదు. ఊరికే నా మీద పెట్టొద్దు." ఆమె ఆయన కంచంలో కూర వడ్డించింది. "రాస్తే మాత్రం జెరెమీకి ముందు చెప్పండి. వాడు గోడ మీద చదివి తెలుసుకోవాలా?"

మంగళవారం ఆనందబాబు గ్యాలరీ తెరవగానే వెళ్ళి పదిహేడో చిత్రం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. బ్రేకుల ల్యాబులో లాగే నోటుబుక్కులో చూసిందల్లా రాసుకున్నారు. ఆమె కాళ్ళకు చెప్పులున్నాయి. అతని కాళ్ళకు లేవు. వెనక కోతగాళ్ళలో ఒకరికి ఉన్నాయి, ఒకరివి గడ్డిలో కనబడవు. కూజా మూతికీ దోసిలికీ మధ్య దూరం ఆ స్త్రీ అరచేతి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు. అంటే దాదాపు బెత్తెడున్నర. జానెడు కాదు. ఆమె ముఖం అటు తిరిగి ఉంది. అతను ఆమెను చూడడం లేదు, నీళ్ళను చూస్తున్నాడు.

నలభై నిమిషాలయ్యాక వెనక కర్ర చప్పుడైంది. ట్రయన్.

"మళ్ళీ వచ్చారా? మా అవ్వను జైల్లో పెట్టే దాకా వదలరా?"

"కూర్చోండి," అన్నారు ఆనందబాబు, ఇంకో స్టూలు జరిపి. "మీ అవ్వ కూజా ఎంత ఎత్తున పట్టేది?"

"ఎత్తేమిటి? కూజా మూతి చేతులకు తగిలేది. తగిలితే ఏం?"

"ఇందులో తగల్లేదు చూడండి."

ట్రయన్ లేచి చిత్రానికి దగ్గరగా వెళ్ళాడు. కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"తగల్లేదు," అన్నాడు. "అయితే ఏమైంది? బొమ్మ వేసేవాడికి నీళ్ళు కనబడాలి కదా. తగిలిస్తే నీళ్ళెక్కడ కనబడతాయి?"

ఆనందబాబు నోటుబుక్కులో ఆ మాట కూడా రాసుకున్నారు. అది కాదనడానికి వీల్లేదు.

"ఒకటి అడుగుతాను," అన్నారు. "మీ తాత అమెరికా ఎందుకొచ్చాడు?"

"1912లో వచ్చాడు. ఎనిమిదేళ్ళు ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేసి వెనక్కి వెళ్ళాడు. వెళ్ళి మూడెకరాలు కొన్నాడు. నేను మళ్ళీ అరవై తొమ్మిదిలో వచ్చాను."

"అంటే 1912కు ముందు భూమి లేదు."

"లేదు."

"మరి ఆ గడ్డి ఎవరిది?"

ట్రయన్ స్టూలు మీద కూర్చున్నాడు. కర్రను మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"దొరది," అన్నాడు. "గడ్డి దొరదే. ఎడ్లు దొరవే. మా అవ్వ చెప్పేది." కర్రతో చిత్రంలోని కూజాను చూపించి, "నీళ్ళు మాత్రం మావి, మిస్టర్. బావి మాది. కూజా మా అవ్వది."

"మాకు నీళ్ళు కూడా మావి కావు," అన్నారు ఆనందబాబు. "మా నాన్న పాలేరు. బావి వాళ్ళది, చెంబు వాళ్ళది. ఆయన దేన్నీ ముట్టుకోకూడదు. మొన్న మీరు ఎలా తెలుసని అడిగితే, చదివానన్నాను. చదవలేదు. పక్కన నిలబడి చూశాను."

అమెరికా వచ్చాక నలభై అయిదేళ్ళలో ఆయన ఇంకొకరితో ఈ మాటనడం ఇదే మొదలు.

ట్రయన్ చిత్రం వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు.

"ఆ ముక్క కార్డులో రాయొచ్చుగా," అన్నాడు. "మా అవ్వనెందుకు లాగారు?"

బుధవారం సాయంత్రం ఆరు గంటలకు ఆనందబాబు నోవై వెళ్ళారు. లూసీ రాలేదు. కోడలు విద్య పిల్లల్ని స్విమ్మింగుకు తీసుకెళ్ళింది. ఆయన నాగలి బొమ్మకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. పన్నెండు నిమిషాలు పట్టింది.

"సో, టెన్ ఏకర్స్ లేదు," అన్నాడు చివరికి.

"ఉన్నాయిరా. మీ తాత దున్నింది పదెకరాలే. నువ్వు ఎన్నని అడిగావు. ఎవరివని అడగలేదు."

"డాడీ, నేను నైన్ ఇయర్స్ ఓల్డ్!"

ఆనందబాబు తల వంచుకున్నారు.

"నేను స్టేజి మీద చెప్పాను. త్రీ హండ్రెడ్ పీపుల్. మీరు ఫ్రంట్ రోలో కూర్చుని క్లాప్ చేశారు."

"చేశాను."

"మమ్మీకి తెలుసా?"

"తెలుసు."

"అందరికీ తెలుసు, నాకు తప్ప." జెరెమీ లేచి వంటింట్లోకి వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు, ఆపిన చప్పుడు. గ్లాసుతో తిరిగి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "తాతకి కోపం రాలేదా? ఐ మీన్, అలా వాటర్ పోస్తుంటే?"

"వచ్చిందో లేదో నాకు చెప్పలేదు. తాగి, మూతి తుడుచుకుని, నాగలి దగ్గరికి వెళ్ళేవాడు."

"మీకు?"

"నాకు వచ్చేది. ఇంటికొచ్చాక అమ్మ దగ్గర చెంబు లాక్కుని మూతి పెట్టి తాగేవాణ్ణి."

జెరెమీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తండ్రిని కారు దాకా దింపాడు. తలుపు వేస్తూ, "శాటర్‌డే వస్తానో రానో చెప్పలేను, డాడీ," అన్నాడు.

అక్టోబరు 17, గురువారం ఉదయం పది గంటలకు డొయినా పదిహేడో చిత్రం పక్కన కొత్త కార్డు పెట్టింది. ఇంగ్లిషులో నలభై ఏడు మాటలు. 'ఈ చిత్రంలోని మనిషి ఎవరో నాకు తెలియదు. మా నాన్న యాకోబు తెనాలి దగ్గర ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్ళు పాలేరు. పొలంలో ఆయనకు నీళ్ళు ఇలాగే పైనుంచి పోసేవారు. చెంబు చేతికి ఇచ్చేవారు కాదు. నేను పక్కన నిలబడి చూశాను.' కింద ఆనందబాబు సంతకం, ఊరి పేరు. క్యాటలాగు వాక్యాన్ని డొయినా తీయలేదు. దాని పక్కన, అది ఏ సంవత్సరంలో అచ్చయిందో రాసింది.

శుక్రవారం జెరెమీ నుంచి ఫోను లేదు. లూసీ రెండుసార్లు చేసింది. తీయలేదు.

శనివారం 19వ తేదీ పదిన్నరకు తెలుగు టూరు మొదలైంది. పేర్లిచ్చిన పద్నాలుగు మందిలో పదముగ్గురొచ్చారు. ఆనందబాబు మొదటి చిత్రం నుంచి వరసగా చూపించుకుంటూ వచ్చారు. ఎనిమిదో చిత్రం దగ్గర తలుపు తెరుచుకుంది. జెరెమీ ఒక్కడే వచ్చి వెనక నిలబడ్డాడు. కోటు విప్పలేదు.

పదిహేడో చిత్రం దగ్గర ఆనందబాబు ఆగారు. కార్డును ముందు ఇంగ్లిషులో చదివి, తరువాత తెలుగులో చెప్పారు. ట్రయన్ చెప్పింది కూడా చెప్పారు: ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు కావచ్చని, ఆ సంగతి ఈ బొమ్మను బట్టి తేల్చలేమని. చర్చి నుంచి వచ్చిన ఒకాయన తల ఊపాడు. హైమ కార్డు దగ్గరికి వెళ్ళి చదివింది. లూసీ ఈసారి హ్యాండ్‌బ్యాగు ముట్టుకోలేదు. ఆనందబాబు పక్కకు వచ్చి నిలబడింది.

యోగానంద్ గొంతు సవరించుకున్నాడు.

"ఆనందబాబు గారూ, ఏమీ అనుకోకండి. మరి ఆ పదెకరాలు?"

ఆనందబాబు నోరు తెరిచారు. ఆయన మాట రాకముందే వెనక నుంచి జెరెమీ అన్నాడు.

"కామందువి, అంకుల్. మా తాత దున్నారు. పోయినేడు నేను స్టేజి మీద తప్పు చెప్పాను."

పదకొండు గంటల ఇరవై నిమిషాలకు వాళ్ళు పద్దెనిమిదో చిత్రం దగ్గరికి నడిచారు.